ఎవరూ పడుకోని దుప్పటి

వదిన గురించి ఆడపడుచు రాస్తే ఎలా ఉంటుందో నాకూ తెలుసు. కారం కాస్త ఎక్కువే పడుతుంది. అందుకని ముందే చెప్పేస్తున్నాను, మా వదినంటే నాకిష్టం. ఆ ఇష్టం కుదరడానికి చాలా ఏళ్లు పట్టింది. మధ్యలో ఒక ఎండాకాలం ఆమె మొహం చూడకూడదని కూడా అనుకున్నాను. ఆ ఎండాకాలం సంగతే ఇది.

మా వదిన ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేస్తుంది. హోటల్ పైన పాలరాళ్లు, పూలకుండీలు, కాలు పెడితే దిగబడే తివాచీలు. లాండ్రీ మాత్రం సెల్లార్‌లో, కిటికీ అన్నదే లేని గదిలో. మనిషెత్తు యంత్రాలు వరసగా నిలబడి రోజంతా గుడగుడలాడుతుంటాయి. పైగదుల్లో మాసిన దుప్పట్లు, తువ్వాళ్లు మూటలుగా కిందికి దిగుతాయి. వాటిని పొడవాటి బల్లమీద విప్పి, మరకను బట్టి విడదీసి, దేన్ని ఏ యంత్రంలో వెయ్యాలో చెప్పడం వదిన పని. కాఫీ మరక ఒకవైపు, నూనె జిడ్డు ఒకవైపు, రక్తం ఒకవైపు. కొత్తగా చేరినవాళ్లు లైటు కింద పెట్టి కళ్లు చికిలించి చూసేదాన్ని ఆమె చెయ్యి తగిలించి, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేస్తుంది.

"ఛీ, ఎవరెవరివో వాసన చూస్తావా వదినా?" అని కొత్తల్లో నేను మొహం చిట్లించేదాన్ని.

"నువ్వు మాత్రం ఎవరెవరివో పాదాలు ఒళ్లో పెట్టుకోవటంలా?" అంది. నేను చెప్పుల దుకాణంలో అమ్మకాల పిల్లని.

ఆ హోటల్లో ఒక రూలుంది. రెండు మంచాల గదిలో ఒక్కరే దిగినా, ఖాళీ చేశాక రెండో మంచం దుప్పటి కూడా తీసి ఉతకాలి. దాని మీద ఎవరూ పడుకోలేదు. ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. అయినా సరే, మరిగే నీళ్లలో పడాల్సిందే. ఒకరోజు వదిన అలాంటి దుప్పటి ఒకటి చేత్తో పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, "ఇది మాసిపోలేదండీ, మళ్లీ పైకి పంపిద్దాం" అంది. ఆయన నవ్వాడు. "మన పని ఉతకటమమ్మా. పడుకున్నారా లేదా అని విచారణ చెయ్యటం కాదు" అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినడానికి ఆమె సెల్లార్ వెనకగుమ్మంలో కూర్చుంది. అక్కడ ఒక లావుపాటి గొట్టం నుంచి నురగనురగగా వేడినీళ్లు కాలవలో పడుతుంటాయి. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం ఎవరూ పడుకోని దుప్పటి ఉతికిన నీళ్లు కూడా ఇందులోనే పోతున్నాయని తోచి, అన్నం డబ్బాకు మూత పెట్టేసిందట. "ఆ గట్టున గడ్డిపోచ కూడా మొలవదు బుల్లీ. అదంతా నేనే చేస్తున్నట్టనిపించింది" అని తర్వాత నాతో అంది. నన్ను ఇంట్లో అందరూ బుల్లి అనే పిలుస్తారు, నాకు నెత్తి నెరుస్తున్నా.

ఉద్యోగం మానేద్దామంటే కుదరదు. మా అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. ఒక్కడి జీతంతో అద్దె, చదువు, మా నాన్న మందులు ఎక్కడ సర్దుకుంటాయి? అందుకని అక్కడ ఆపలేని కుళాయిని మా వదిన ఇంట్లో ఆపింది. తప్పు ఒకచోట, ప్రాయశ్చిత్తం ఇంకోచోట.

మొదట నీళ్లు. కూరలు కడిగిన నీళ్లు మొక్కలకు. బట్టలు జాడించిన నీళ్లు ఒక పెద్ద పీపాలోకి; ఆ నీళ్లతో గదులు తుడవాలి, మిగిలింది మరుగుదొడ్లోకి. స్నానానికి షవరు బంద్, ఒక్క బకెట్. "డబ్బు నీళ్లలా ఖర్చుపెడుతున్నావ్" అని మా అన్నయ్య ఎవరినైనా అంటే, ఈ ఇంట్లో ఆ మాటకు మెచ్చుకోలని అర్థం అన్నయ్యా అని నేను ఆటపట్టించేదాన్ని.

తర్వాత కరెంటు. సాయంత్రమైతే ఒక్క గదిలోనే లైటు, అందరూ అక్కడే. ఫ్రిజ్ తలుపు తీసి ఆలోచిస్తూ నిలబడితే ఊరుకోదు, "ఏం కావాలో ముందే అనుకుని తియ్యండి" అనేది. గ్యాసు విషయంలో ఆమె తెలివికి నేను కూడా దండం పెట్టాల్సిందే. గిన్నె సగం ఉడకగానే దించేసి, హోటలు వాళ్లు పారేసిన పాత కంబళిలో చంటిపిల్లను చుట్టినట్టు చుట్టి, మూలనున్న పెట్టెలో పడుకోబెట్టేది. కాసేపయ్యాక తీస్తే మెత్తగా ఉడికి పొగలు కక్కుతుండేది. చిరిగిన దుప్పట్లు చేతిసంచులయ్యాయి, సంచులు చిరిగితే గిన్నెలు తుడిచే గుడ్డలయ్యాయి. నిమ్మతొక్కలు పులియబెట్టిన నీళ్లతో సింకు తళతళలాడేది. దుప్పట్లు మాత్రం రెండు వారాలకోసారే ఉతికేది. "మనమేం హోటలా?" అని దానికి ఆమె లాజిక్కు.

నా మేనకోడలు వాళ్లమ్మకు కుళాయి పోలీసని పేరు పెట్టింది. బడికెళ్లే పిల్ల, తల రుద్దుకునేటప్పుడు కాస్త నీళ్లు ఎక్కువ పోసుకుంటే బయటి నుంచి తలుపు మీద టకటకమని చప్పుడు. "అమ్మా, నేను లోపల ఖైదీనా?" అని అరిచేది. మా అన్నయ్య డిపోలోనే స్నానం చేసి రావడం మొదలుపెట్టాడు. అది తెలిసి వదిన మూతి ముడుచుకుంది, "అక్కడ పోసుకుంటే అవి నీళ్లు కావా?" అని.

ఇదంతా వట్టి పిసినారితనమని మీరు అనుకుంటే తప్పు. మిగిలిన ప్రతి రూపాయీ ఆమె ఒక పని కోసం దాచింది. డాబా మీద ఎండతో నీళ్లు కాగే ట్యాంకు పెట్టించాలని. చలికాలం వస్తే మా నాన్నకు మోకాళ్లు బిగుసుకుపోతాయి. వేడినీళ్లు పోసుకుంటే కాస్త వదులవుతాయి. కానీ హీటరు వేసుకొమ్మంటే బిల్లు వస్తుందని ఆయన చన్నీళ్లే పోసుకునేవాడు. "ట్యాంకు పెట్టిస్తే బిల్లూ ఉండదు, పొగా ఉండదు. మావయ్య ఎన్ని బకెట్లు పోసుకున్నా నేను అడగను" అనేది. ఆ ఇంట్లో ఎవరికీ దొరకని హామీ అది.

మా నాన్న గురించి చెప్పాలి. ఆయన పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. బతుకంతా ఎండలో నడిచినవాడు కాబట్టి దాహం ఆయనకు సొంత చుట్టంలాంటిది. ఉత్తరం ఇచ్చిన ఇంట్లో మొహమాటం లేకుండా, "అమ్మా, కాసిన్ని మంచినీళ్లు" అని అడిగేవాడు. ఏ వీధి నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఏ ఇంటి కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి, ఎవరు చెంబు తోమకుండా ఇస్తారు, అన్నీ ఆయనకు కంఠస్థం. మా చిన్నప్పుడు భోజనాల దగ్గర వాటి గురించి చెబుతుంటే కథలా వినేవాళ్లం. మనిషి మహా శుభ్రం. రిటైరయ్యాక కూడా రోజూ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్లకపోయినా వెళ్లబోతున్నవాడిలా కూర్చునేవాడు.

వదిన రూళ్లన్నింటినీ ఎదురు మాట్లాడకుండా పాటించింది ఆయనొక్కడే. నెలాఖరున బిల్లు రాగానే వదిన దాన్ని అన్నాల దగ్గర పైకి చదివేది. తగ్గితే ఎవరివల్ల తగ్గిందో చెప్పేది. బళ్లో మార్కులు చదివినట్టే. మేనకోడలికి ఎప్పుడూ పాసు మార్కులే, మా అన్నయ్య ఫెయిలు, మా నాన్న ఫస్టు.

"మీ తాతయ్యను చూసి నేర్చుకో. అరబకెట్టుతో స్నానం కానిచ్చేస్తారు. గదిలో ఫ్యాను కూడా అడగరు" అనేది పిల్లతో.

ఆ మాటకు మా నాన్న మొహం ఎలా వెలిగేదో నేను కళ్లారా చూశాను. ఉద్యోగం అయిపోయాక ముసలాయన్ని మెచ్చుకునేవాళ్లెవరు? మందు వేసుకున్నారా, జాగ్రత్తగా నడవండి, ఈ రెండు మాటలు తప్ప ఆయనతో మాకింకేం మాటలుండేవి? ఇప్పుడు ఆయనకో పని దొరికింది. ఆ పనిలో ఆయనే ఫస్టు. ఎవరో పారేసిన తీగమొక్క తెచ్చి పాత రంగుడబ్బాలో పెట్టి తన గది కిటికీలో ఉంచాడు. తన దుప్పటి తనే ఉతుక్కోవడం కూడా మొదలుపెట్టాడు. అందరికంటే ముందు లేచి, పీపాలో మిగిలిన నీళ్లతో జాడించి, డాబా మీద ఆరేసి వచ్చేవాడు.

"ఎందుకు మావయ్యా మీకీ శ్రమ?" అని వదిన అడిగితే, "చేతులకు కాస్త కసరత్తమ్మాయ్. అయినా వాడేసిన నీళ్లేగా" అన్నాడు.

వదిన మురిసిపోయింది. లాండ్రీలో అందరికీ చెప్పుకుంది, మా మావయ్య బంగారమని. నేను సెలవురోజు వెళితే ముందు ఆ తీగమొక్క చూపించింది. డాబా మీద తను పెంచిన మొక్కలు ఎండకు వాడి వేలాడుతుంటే, నాన్న గదిలో తీగ కిటికీ ఊచలకు అల్లుకుని నవనవలాడుతోంది.

"చూడు బుల్లీ, మావయ్య చేతి చలవ."

నేనూ చూశాను. నేనూ మెచ్చుకున్నాను. కడుపున పుట్టిన కూతుర్ని, ఆ మొక్కకు అన్ని నీళ్లు ఎక్కడివని నాకూ తోచలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో నాన్న నడక తగ్గించాడు. ఎండగా ఉందన్నాడు, నిజంగానే ఉంది. పెదవులు పగిలాయి. చొక్కా వదులైంది. ముసలితనమని అందరం ఒకరికొకరం చెప్పుకున్నాం. ఒకరోజు మధ్యాహ్నం మేనకోడలు బడి నుంచి వచ్చేసరికి ఆయన పాత సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడట. "ఎక్కడికి తాతయ్యా?" అంటే, "ఇంకా రెండు వీధులు మిగిలాయమ్మా, ఉత్తరాలు ఇచ్చొస్తా" అని అడుగు వేసి, అక్కడే కూలబడిపోయాడు. పిల్ల కేకలకు పక్కింటివాళ్లు వచ్చారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు.

నేను పరుగున వెళ్లేసరికి నాన్న చేతికి సూది, పైన సీసా. వదిన లాండ్రీ యూనిఫాంలోనే వచ్చేసింది. డాక్టరమ్మ నాన్న చేతి మీద చర్మం చిటికెతో పట్టి వదిలింది. అది పైకి లేచింది లేచినట్టే నిలబడింది.

"ఒంట్లో నీళ్లే లేవు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ముదిరింది. ఈయన నీళ్లు తాగటంలేదా?"

"తాగే నీళ్ల మీద మా ఇంట్లో ఏ ఆంక్షా లేదండీ" అంది వదిన వెంటనే. ఎవరూ అడగలేదు ఆంక్షల సంగతి. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమె మొహం పాలిపోయింది.

"నిద్రలో పక్క తడుపుతున్నారా? ఈ వయసులో మామూలే. చాలామంది పెద్దవాళ్లు ఆ భయానికే నీళ్లు మానేస్తారు."

డిపో నుంచి వచ్చిన అన్నయ్యా, వదినా, నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఎవరికీ తెలియదు.

బట్టలు తేవడానికి వదిన ఇంటికి వెళ్లింది, తోడుగా నేనూ వెళ్లాను. నాన్న గదిలో మంచం చక్కగా సర్ది ఉంది, దుప్పటి అంచులు పరుపు కిందికి మడిచి, పోస్టాఫీసులో పార్సిలు కట్టినంత నీటుగా. వదిన ఆ దుప్పటి లాగింది. కింద నల్లగా ఏదో కనిపించింది. నాన్న రెయిన్‌కోటు. వానలో ఉత్తరాలు తడవకుండా ఆయన ఉద్యోగమంతా తొడుక్కున్న మందపాటి రబ్బరు కోటు. చేతులు రెండూ చాచి, గుండీలు పెట్టి, పరుపు మీద వెల్లకిలా పరిచి ఉంది.

వదిన దుప్పటి అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎవరెవరి దుప్పట్లనో మూట విప్పగానే పసిగట్టే మనిషి. సెల్లార్ నుంచి ఇంటికొచ్చేసరికి ఆమె ముక్కు నిండా బ్లీచింగ్ వాసనే, ఇంట్లో ఏ వాసనా తెలియదని ఎన్నోసార్లు అనేది. ఆ రోజు తెలిసింది. తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్లి తీగమొక్క డబ్బాలో వేలు గుచ్చింది. మట్టి తడిగా ఉంది. పొద్దున్న ఆమె మంచం పక్కన పెట్టి వెళ్లిన చెంబు ఖాళీగా ఉంది.

రోజూ పొద్దున్నే చెంబు నింపి పెట్టేది. సాయంత్రానికి ఖాళీ అయ్యేది. తాగుతున్నారనుకుంది.

నా నోరు ఊరుకోదని మా వాళ్లందరికీ తెలుసు. ఆసుపత్రి మెట్లు దిగేటప్పుడే ఏమేం అనాలో అన్నీ నోట్లో సిద్ధం చేసుకున్నాను. మా నాన్నను నీ బిల్లు కోసం ఎండబెట్టావు, ఇదే అనబోయాను. అప్పుడు వదిన నేల మీద కూర్చుని, ఆ రెయిన్‌కోటు ఒళ్లో పెట్టుకుని, "తిట్టు బుల్లీ. నువ్వు తిట్టకపోతే నాకు ఊపిరాడదు" అంది. కోపం పోలేదు. కానీ అంతకంటే పెద్ద తిట్టు నా దగ్గర ఏముంది?

నాన్నకు తెలివి వచ్చాక వదిన మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఒక్క మాట చెప్పొచ్చుగా మావయ్యా. నేనేమన్నా అంటానా?"

ఆయన గోడవైపు తిరిగాడు. మొహాన గడ్డం మాసి ఉంది, అది కూడా ఆయనకు సిగ్గుగానే ఉన్నట్టుంది, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల దుప్పట్లన్నీ ఉతికొస్తావు. ఇంటికొచ్చాక నాది కూడానా అమ్మాయ్?"

"దానికి నీళ్లు మానేస్తారా?"

"తాగితేనేగా తడిసేది. తాగకపోతే నీళ్లూ మిగులుతాయి, సబ్బూ మిగులుతుంది." తప్పు ఒప్పుకునే పిల్లాడిలా అన్నాడు, "ఫస్టు నేనే కదా. ఈ సంగతి తెలిస్తే ఇంకేం ఫస్టు?"

వదిన లేచి బయటికి వెళ్లిపోయింది. వరండా చివర కుళాయి దగ్గర ఎవరో చేతులు కడుక్కుని సరిగా కట్టకుండా వెళ్లినట్టున్నారు, ధార కారుతోంది. ఇంకో రోజైతే పరుగున వెళ్లి కట్టేది. ఆ రోజు దాని పక్కనే నిలబడి ఏడ్చింది, కుళాయి కట్టలేదు.

నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమె పనికి వెళుతూనే ఉంది. వెళ్లక తప్పదు. ట్యాంకు కోసం దాచిందంతా మందులకే సరిపోయింది. ఆ సంగతి ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తింది ఇంకొకటి. ఆ బల్లమీద అలా తడిసిన దుప్పట్లు కూడా వస్తుంటాయట, వారంలో ఒకటో రెండో. ఎవరో పెద్దవాళ్లు, పాపం అనుకుని, మొహం కూడా చిట్లించకుండా వేరు పెట్టి యంత్రంలో వేసేదట.

"ముక్కూ మొహం తెలీనివాళ్లవి ఒక్కమాట అనకుండా ఉతికాను బుల్లీ. ఇంట్లో మనిషి నాకు భయపడ్డాడు. నా ముందు సిగ్గుపడ్డాడు. నేనేం చేసి చచ్చాను?"

"నువ్వేమీ అనలేదుగా వదినా."

"అనలేదు. మెచ్చుకున్నాను."

ఆ మాట నాకు సరిగ్గా తగిలింది. ఆలోచించి చూస్తే పొదుపులో తప్పేమీ లేదు. కంబళిలో గిన్నె చుట్టడంలో ఎవరికేం నష్టం? తిట్లు తిన్నవాళ్లు డిపోలో స్నానం చేశారు, తలుపు అవతలి నుంచి అరిచారు, బతికిపోయారు. మెచ్చుకోలు దొరికినాయనకే అది వదులుకోవడం చేతకాలేదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న నేను వెళ్లేసరికి వదిన నాన్న మంచం మీది దుప్పటి తీసి ఉతుకుతోంది. ముందురోజే మార్చిన దుప్పటి. నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు, దానిమీద ఎవరూ పడుకోలేదు. కుళాయి బారుగా తిప్పి, మంచినీళ్లతో, జాడించిందే జాడిస్తోంది. నేను చూస్తున్నానని తెలిసి కూడా ఆపలేదు. "ఎప్పుడొస్తారో ఏమో, కొత్తగా ఉండాలి" అంది. నేను పక్కన కూర్చుని రెండో కొస పట్టుకుని పిండాను.

నాన్న ఇంటికి వచ్చాక ఆ ఇంట్లో చట్టాలు మారాయి. మిగతావాళ్లకు పాతవే, నాన్నకు మాత్రం ఏదీ లేదు. పరుపు మీదికి సరైన రబ్బరు షీటు వచ్చింది. అలమారాలో దుప్పట్ల దొంతర వచ్చింది. అందులో రంగు వెలిసిందని హోటలువాళ్లు తీసేసినవి, వదిన అడిగి తెచ్చుకున్నవి చాలా ఉన్నాయి. మా అన్నయ్య పొద్దున్నే పక్క మార్చి, ఏమీ అడగకుండా, బస్సు కబుర్లు చెబుతూ దుప్పటి చుట్టి తీసుకెళ్లేవాడు. రెయిన్‌కోటు తుడిచి, గదిలో కొక్కేనికి తగిలించారు. బిల్లు అన్నాల దగ్గర చదవడం ఆగిపోయింది.

కానీ మా నాన్న నీళ్లు తాగడు. అడిగితే "ఇప్పుడే తాగానమ్మాయ్" అంటాడు. చేతికిస్తే రెండు గుక్కలు మింగి, "చాలు తల్లీ" అంటాడు. డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది, మళ్లీ ఇలా వస్తే నేను హామీ ఇవ్వలేను అని. వదిన బతిమాలింది. మేనకోడలు మారాం చేసింది. నేను కోప్పడ్డాను. అందరికీ సరే అంటాడు.

ఇంకో సంగతి. ఆసుపత్రి రోజుల్లో ఆ తీగమొక్క ఆకులు పండి, సగానికి సగం రాలిపోయింది. నాన్న వచ్చిన కొన్నాళ్లకు దానికి లేత చిగుళ్లు తొడిగాయి. పచ్చగా ఉన్న మొక్కను చూసి గుండె గుభేలుమన్న మనిషిని మా వదిననే చూశాను. డబ్బా ఎత్తుకుని డాబా మీదికి తీసుకెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. వదిన పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గ్లాసు నిండా నీళ్లు తెచ్చి నాన్న చేతికిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, అలవాటుగా కిటికీ వైపు చూశాడు. అక్కడ డబ్బా లేదు. గ్లాసు ఏం చెయ్యాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు.

"తాగండి మావయ్యా."

"తాగుతాలే." నెమ్మదిగా అడిగాడు. "ఈ నెల బిల్లు రాలేదా అమ్మాయ్? చదవటం మానేశావేం?"

బిల్లు వచ్చింది. నాకు తెలుసు, మెట్ల కింద డబ్బాలోంచి తీసి ఆమెకు ఇచ్చింది నేనే. రోజుకో దుప్పటి, రోజూ హీటరు, మధ్యాహ్నమంతా ఫ్యాను. చూడగానే తల తిరిగేలా ఉంది. వదిన దాన్ని రెండు మడతలు పెట్టి యూనిఫాం జేబులో తోసుకుంది. ఇన్నేళ్లలో మా వదిన ఏ లెక్కా తప్పు చెప్పగా నేను వినలేదు. కూరగాయల బండివాడు చిల్లర ఎక్కువిస్తే వీధి చివరిదాకా పరుగెత్తి ఇచ్చొచ్చే మనిషి.

"వచ్చింది మావయ్యా" అంది. చెయ్యి జేబు మీదే ఉంది. "తగ్గింది."

"తగ్గిందా? ఆసుపత్రి హడావుడిలో కూడానా?"

"కూడానే. అంతా మీ వల్లే. మళ్లీ మీరే ఫస్టు."

చాన్నాళ్లకు ఆ మొహం వెలిగింది. నా వైపు తిరిగి, విన్నావా బుల్లీ అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. తర్వాత గ్లాసు ఎత్తి, వెనకటి రోజుల్లో ఎండనపడి వచ్చి ఎవరింటి అరుగు మీదో కూర్చుని తాగినట్టు, గొంతు కదులుతుండగా అడుగుదాకా తాగేశాడు.

"ఇంకో అరగ్లాసు పోస్తావా అమ్మాయ్?"

వదిన గ్లాసు అందుకుని వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే గ్లాసు ఎప్పుడో నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి, ఆమె సింకు అంచు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.

"వచ్చే నెల కూడా అడుగుతారు బుల్లీ" అంది.

"అడగనీ. ముందు నీళ్లు తీసుకెళ్లు" అన్నాను.